ఎడమ పక్క పై మూల

నా చిన్నప్పుడు మా తాతయ్య అలిపిరికి పోయే దారిలో ఒక చిన్న సత్రానికి గుమాస్తాగా ఉండేవాడు. సత్రం వరండాలో గోనెపట్టా బిగించిన చెక్క పలక ఒకటి ఉండేది. కొండ మీద జనంలో తప్పిపోయినవాళ్ళ కోసం ఇంటివాళ్ళు రాయించిన చీటీలు దానికి గుచ్చేవారు. ఇనుప సూదులు తుప్పుపట్టి కాగితాన్ని తినేస్తాయని తాతయ్య తుమ్మముళ్ళు వాడేవాడు. సెలవుల్లో ఆ ముళ్ళు ఏరి తెచ్చే పని నాది.

చీటీ రాయడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. ఎవరైనా ఏడుస్తూ వచ్చి ఉంగరాల జుట్టు, పొడుగు జడ అని చెప్పబోతే ఆపేవాడు. "జుట్టు సంగతి వొద్దమ్మా. కొండెక్కినాక అందరిదీ ఒగటే తల. మచ్చ యాడుండాదో సెప్పు, ఎట్ల నడస్తాడో సెప్పు" అనేవాడు. పలక విషయంలో ఇంకా పట్టుదల. ఒకసారి గుచ్చిన చీటీ చోటు మారకూడదు. మనిషి దొరికితే ఇంటివాళ్ళే వచ్చి, తమ చేత్తో ముల్లు పీకి తీసుకుపోవాలి. ఇంకెవరూ ముట్టకూడదు. అందువల్ల ఆ పలక ఎప్పుడూ చిందరవందరగానే ఉండేది. బడిలో చక్కటి దస్తూరికి పేరు తెచ్చుకున్న నాకు దాన్ని చూస్తే చిరాకు.

ఎడమ పక్క పై మూల ఉన్న చీటీ ఐరాల నుంచి వచ్చే పెద్దమ్మది. అప్పటికి ఆరేళ్ళ కిందట ఆమె పదేళ్ళ కొడుకు కొండ మీద తప్పిపోయాడు. గుండు చేయించుకుని బయటికొచ్చిన పిల్లల గుంపులో పోల్చుకోలేక, ఎవరి పిల్లాడి చెయ్యో పట్టుకుని ఆమె నాలుగడుగులు నడిచిందట. ఆ పిల్లాడు ఏడ్చేసరికి వెనక్కి తిరిగింది. తన బిడ్డ లేడు. అప్పటి నుంచి భర్త వెతుక్కుంటూ ఊళ్ళు తిరుగుతున్నాడు. ఆమె నెలకొక శనివారం బస్సులో వచ్చేది. చదువు రాదు. చోటే ఆమెకు గుర్తు. ఆ మూలకు చూసి, చీటీని వేలితో తాకి, కాసిన్ని నీళ్ళు తాగి, కొంగు ముడిలోంచి నాకొక బెల్లం ముక్క ఇచ్చి వెళ్ళేది.

ఒక వేసవిలో తాతయ్య చుట్టాల పెళ్ళికని పుత్తూరు వెళ్ళాడు. మర్నాడు సత్రం యజమాని వస్తున్నాడని తెలిసి, మెప్పు పొందాలని నాకు బుద్ధి పుట్టింది. పొద్దున్నే చీటీలన్నీ పీకాను. తెలుగువి ఒక పక్క, అరవంవి ఒక పక్క పెట్టి, అంచులు కత్తిరించి, వరసలుగా గుచ్చాను. ఎండకు అక్షరాలు వెలిసిపోయినవాటిని ఉత్త కాగితాలే కదా అని నీళ్ళ పొయ్యిలో వేశాను. చీటీలు తగ్గడంతో పై వరస ఖాళీ అయింది. అదే అందంగా ఉందనుకున్నాను. యజమాని నా వీపు తట్టి వెళ్ళాడు.

ఆ రోజు శనివారం. మధ్యాహ్నం ఐరాల పెద్దమ్మ వచ్చింది. మూలకు చూసింది. గోనెపట్టాలో ముల్లు గుచ్చిన రంధ్రం తప్ప ఏమీ లేదు.

"అబ్బోడా, నా చీటీ యాడ?" అంది.

పొయ్యిలో వేశానని ఒక్క మాట చెబితే సరిపోయేది. నోరు రాలేదు. నా మౌనాన్ని ఆమె తన ఆశతో నింపుకుంది. "మా ఆయప్ప వొచ్చి తీసకపోయినాడా? నా బిడ్డ దొరికినాడా?"

నేను తల ఊపాను.

ఆమె నవ్వింది. కొంగు విప్పి బెల్లమంతా నా చేతుల్లో పోసింది. "అయ్యో, తలుపుకు బీగం యేసొచ్చినానే! ఇద్దురూ బయటే నిలబడుకోనుంటారు" అంటూ బస్సు కోసం పరుగెత్తింది.

మర్నాడు తాతయ్య రాగానే చెప్పేశాను. కొడతాడనుకున్నాను, కొట్టలేదు. సోమవారం మొదటి బస్సుకు నన్ను ఐరాల తీసుకెళ్ళాడు.

ఆమె ఇంటి తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల మంచం మీద రెండు కొత్త చొక్కాలు పరిచి ఉన్నాయి, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. బిడ్డ ఎంత పొడుగయ్యాడో తెలియక రెండు కొలతల్లో తెచ్చింది.

"తప్పు నాదమ్మా" అన్నాడు తాతయ్య. "పాతబడిందని నేనే తీసేసినా. పిల్లోడు తెలీక తల ఊపినాడు."

నేను ఆయన వెనకే ఉన్నాను. కాదు, నేనే అనడానికి అప్పుడూ నాకు నోరు రాలేదు. ఆమె చొక్కాల వంక చూసింది. తర్వాత నెమ్మదిగా, "పోనీలే అప్పా. రెండు దినాలు నా బిడ్డ దావలో వొస్తా ఉండె. మళ్ళా రాయండి" అంది. తాతయ్య కాగితం నా చేతికిచ్చాడు. ఎడమ చెవి వెనక మచ్చ, అడుగు కొంచెం ఈడ్చి వేస్తాడు అని ఆమె చెబుతుంటే రాశాను. వయసు దగ్గర ఆగాను. పదహారు అని తాతయ్య చెప్పాడు. పెద్ద చొక్కా తీసి ఆమె ఒళ్ళో పెట్టుకుంది.

తిరుగు బస్సులో, నన్ను కాపాడావు తాతా అన్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూ, "నిన్ను కాదు రా" అన్నాడు. "ఆయమ్మ నెలనెలా ఆ పలక కాడికి రావాల. ఆడ నువ్వుంటావు. నిజం తెలిసి, నిన్ను సూడలేక రావడం మానేస్తే, ఆ బిడ్డ కోసరం అడిగేదానికి ఇంకెవరుండారు?"

నేను పైచదువుకు ఊరు విడిచేదాకా ఆమె వస్తూనే ఉంది. వచ్చిన ప్రతిసారీ నాకు బెల్లం పెట్టింది. నేను తీసుకున్నానే గానీ నిజం చెప్పలేదు. ఆ బిడ్డ దొరకలేదు. ఆమె పోయిందని తెలిసిన రోజున, చెప్పుకోవలసిన మనిషి కూడా లేకుండా పోయిందనిపించింది.

ఇప్పుడు మా ఇంట్లో తలుపు పక్కన ఒక బోర్డు ఉంది. కరెంటు బిల్లు, గ్యాసు రసీదు, మనవరాలి బడి టైంటేబులు మా కోడలు దాని మీద పొందికగా పెడుతుంది. ఎడమ పక్క పై మూల మాత్రం నాది. అక్కడ తుమ్మముల్లుతో గుచ్చిన ఉత్త కాగితం ఒకటి ఉంటుంది. ఇదెందుకు తాతా, తీసేద్దామా అని మనవరాలు అడుగుతుంది. వద్దంటాను. ఆ మూల ఖాళీగా కనబడితే నాకు ఆమె నవ్వు గుర్తొస్తుంది. ఐరాల పెద్దమ్మ నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే.