సీలమండల సిద్దిరాములు

మా సిద్దిరాములన్న మనుషుల మొహాలు చూడడు, చీలమండలు చూస్తాడు. ఎదురుపడి "బాగున్నవా అన్నా?" అని అడిగామనుకోండి. మన కాళ్ల దగ్గర ఉంగరం పారేసుకున్నట్టు తల వంచి, కుడిదాన్నీ ఎడమదాన్నీ తనివితీరా చూసుకుని, అప్పుడు "బాగనే ఉన్న" అంటాడు. బాగున్నది తనో, మన చీలమండలో నాకు ఇప్పటికీ తెలియదు.

మేడ్చల్ బజారులో నాది చెప్పుల షాపు. అలాంటి మనిషికి ఇంతకన్నా స్వర్గం ఎక్కడుంటుంది? నేను షట్టర్ ఎత్తేసరికి ఎదురుగా నిలబడి ఉండేవాడు. వచ్చిన గిరాకీని నేను సైజు అడిగేలోపల ఆయన చరిత్ర అడిగేవాడు. ఒకసారి గుండ్లపోచంపల్లి గోదాములో పనిచేసే మనిషి బూట్ల కోసం వచ్చాడు. అన్న అతని పాత చెప్పుల వంక చూసి గుటకలు మింగాడు.

"కుడిది బయటి దిక్కే అరిగింది. ఎన్నడు పడ్డవు?"

ఆ మనిషి బిత్తరపోయాడు. "స్కూటర్ మీదికెల్లి పడి శాన ఏండ్లాయె. నీకెవరు జెప్పిన్రు?"

"నీ నడక జెప్పింది. కూసో. కాలు పైన పెట్టు."

ఈ రెండు ముక్కలూ అన్న మంత్రం. దీనికి ఎదురు చెప్పినవాణ్ని నేను చూడలేదు. అతను కూర్చుని కాలు నా కౌంటర్ మీద, సరిగ్గా నేను అగరొత్తులు వెలిగించిన లక్ష్మీదేవి పటం ముందు పెట్టాడు. "వాపున్నది. జల్దీ డాక్టర్‌కు సూపియ్యి, బూట్లు యాడికి పోవు" అని అన్న పంపించేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఆ మనిషే కొన్నాళ్లకు పెళ్లాం పిల్లలతో వచ్చి ఇంటిల్లిపాదికీ చెప్పులు కొన్నాడు. అన్నకు వంగి దండం పెడితే, "మీ పిల్లల సీలమండలు ముద్దుగున్నయి" అని దీవించాడు.

మా వాడకట్టులో రుక్కమ్మ అని పూలబండి ఆమె ఉంది. భర్త లేడు, ఒక్కతే కూతురు పద్మలత. ఆ పిల్లకు కుత్బుల్లాపూర్‌లో సంబంధం వచ్చిన రోజే రుక్కమ్మకు జ్వరం తగిలింది. పెద్దమనిషి కదా అని పిల్లవాణ్ని చూసి రమ్మని అన్నను పంపింది. తిరిగొచ్చాక జరిగిన సంభాషణకు నేనే సాక్షిని.

"పిలగాడు ఎట్లున్నడే అన్నా?"

"మస్తున్నడు సెల్లె. రెండు సీలమండలు అచ్చం ఒక్క తీరుగున్నయి."

"అది గాదే, మొఖం?"

"మొఖమా?" అన్న చాలాసేపు ఆలోచించాడు. "ఉండే ఉంటది."

"నలుపా, తెలుపా?"

"సాక్సులు తెల్లయి. ఇప్పించి మరీ సూసిన."

రుక్కమ్మ నెత్తి కొట్టుకుంది. అయినా పెళ్లి జరిగింది, అల్లుడు బంగారం అయ్యాడు. ఆ ఘనతంతా అతని చీలమండలదేనని అన్న వాదన.

ఈ పిచ్చి ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. తొంభైల మొదట్లో మా దిక్కంతా ద్రాక్షతోటలుండేవి. శామీర్‌పేట దారిలో అన్నకూ ఒకటి ఉండేది. ఆ రోజుల్లో ఆయన మామూలుగా నడిస్తే వెనకున్నవాళ్లు పరుగెత్తాలి. ఒకరోజు ట్రాక్టర్ డబ్బా మీంచి దూకి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. డాక్టర్ సిమెంటు కట్టు వేసి, కాలు కింద పెట్టొద్దన్నాడు. చూస్తే కోతల కాలం. పండిన ద్రాక్ష ఎవరి కాలు కోసం ఆగుతుంది? గడువు సగం కూడా కాకముందే, గుత్తులు కోసే కత్తెరతోనే కట్టు కోసి పారేసి తోటలోకి దిగాడు. సిద్దిరాములంటే సిద్దిరాములే అని ఊరంతా మెచ్చుకుంది. మెచ్చుకున్నవాళ్లలో రుక్కమ్మే ముందు.

తర్వాత తోట పోయి ప్లాట్లు వచ్చాయి. చీలమండ నొప్పి మాత్రం ఎక్కడికీ పోలేదు. పొద్దున లేస్తే బిగుసుకుపోయేది, సాయంత్రానికి ఉబ్బేది. సుచిత్ర దగ్గర ఒక ఎముకల డాక్టర్ ఎక్స్‌రే చూసి విడమరిచి చెప్పాడు. విరిగినప్పుడు కీలు లోపల వాపు మొదలవుతుందట. ఎముక అతికాక కూడా కొందరిలో అది చల్లారక, లోపలి మెత్తటి పొరను ఏళ్ల తరబడి తింటుందట. అతకకముందే బరువు మోపి కీలు వంకర చేసుకుంటే ముప్పు ఇంకా ఎక్కువట. అన్న దీన్నంతా ఒక్క ముక్క చేసుకుని ఇంటికొచ్చాడు: "బొక్క మర్సిపోతది, కీలు మర్సిపోదు." ఇక ఆ రోజు దించిన తల మళ్లీ ఎత్తలేదు.

రెండు వేల నాలుగులో రోడ్డు వెడల్పు చేస్తున్నప్పుడు రుక్కమ్మ తవ్విపోసిన మట్టిలో జారి చీలమండ విరగ్గొట్టుకుంది. మళ్లీ అదే సిమెంటు కట్టు. ఇంకా గడువుండగానే మా పోచమ్మ బోనాలు దగ్గరపడ్డాయి. పద్మలత కాన్పు కష్టమై చావు దాకా పోయి వచ్చినప్పుడు రుక్కమ్మ మొక్కుకుంది, ఏటేటా తన నెత్తి మీద బోనం పెట్టుకుని, చెప్పుల్లేకుండా గుడి దాకా వస్తానని. ఒక్క ఏడు తప్పినా బిడ్డకు ఏమవుతుందోనని ఆమె భయం.

బోనాల ముందురోజు పద్మలత నా షాపుకొచ్చి, తోలు కోసే కత్తెర కావాలంది. అన్న షాపులోనే ఉన్నాడు.

"రుక్కమ్మ బిడ్డ కాళ్లు గదా ఇవి! కత్తెరెందుకు తల్లీ?"

"అమ్మ తెమ్మన్నది" అంది పద్మలత. అంతే, అన్న కుంటుకుంటూనే రుక్కమ్మ ఇంటికి బయలుదేరాడు. వెనకాల నేను పరుగెత్తాను. ఎన్నో ఏళ్ల తర్వాత మళ్లీ పరుగెత్తించాడు.

"కట్టు కోస్తవా సెల్లె?"

"కోస్త! నువ్వు కొయ్యలేదా? నీ సీలమండ ఖరాబైందని ఊరందరి సీలమండలు నీయేనా?"

అన్నకు కోపం రాలేదు. ప్యాంటు పైకి లాగి తన చీలమండను ఆమె ముందు పెట్టాడు. వంకర తిరిగి, ఎర్రగా ఉబ్బి ఉంది. అన్నేళ్లుగా అందరివీ చూసిన మనిషి తనది ఎవరికీ చూపించలేదని నాకు అప్పుడే తెలిసింది.

"నేను కోసుకున్ననాడు అందరు సెబాష్ అన్నరు. ఒక్కరు గూడ కత్తెర గుంజుకోలే. ఒక్కరు గుంజుకున్నా నేను బాగుందును."

రుక్కమ్మ ఏడ్చేసింది. "మరి నా మొక్కో అన్నా? బిడ్డకేమన్నైతే?"

అన్న వాకిట్లో ఉన్న పూలబండిని చూశాడు. "నెత్తి నీది, కాళ్లు నాయి. పోచమ్మ ఒప్పుకోకుంటే నేను మాట్లాడుత" అన్నాడు.

మర్నాడు మేడ్చల్ బజారు అలాంటి బోనం ఎన్నడూ చూడలేదు. పూలబండి మీద పట్టుచీర కట్టుకుని రుక్కమ్మ కూర్చుంది. కట్టు వేసిన కాలు దిండు మీద, నెత్తి మీద వేపమండలు, దీపంతో బోనం. వెనక చెప్పుల్లేకుండా సిద్దిరాములన్న బండి తోస్తున్నాడు. సాయం చేయబోతే నన్ను కసిరాడు. మొక్కులో నా కాళ్ల ప్రస్తావన లేదట! మొదట కొందరు నవ్వారు. ఎత్తు దగ్గర అన్న పళ్లు బిగబట్టి అడుగు తీసి అడుగేస్తుంటే ఆ నవ్వులు ఆగిపోయాయి. డప్పులవాళ్లు ఆయన నడకకే దరువు తగ్గించారు. నాకు దండం పెట్టబుద్ధయింది, పెట్టాను. పోచమ్మకు పెట్టాననుకున్నారు అందరూ.

ఆ తర్వాత చాలా రోజులు అన్న షాపుకు రాలేదు. చీలమండ సొరకాయంత అయిందని తెలిసింది. అడిగిందల్లా కొని పోయే గిరాకీతో నాకు వ్యాపారం పెరిగింది గానీ, షాపు మాత్రం బోసిపోయింది.

డాక్టర్ చెప్పిన రోజుకే రుక్కమ్మ కట్టు విప్పించుకుంది. కర్ర ఊతంతో మెల్లగా నడవడం వచ్చాక, మొట్టమొదట అన్న ఇంటికే వెళ్లింది. ఆయన భార్యకని ఆమె ఇచ్చిన మూర మల్లెపూలు పట్టుకుని నేనూ వెంట వెళ్లాను. అన్న గుమ్మంలో నిలబడి రుక్కమ్మ చీలమండను చాలాసేపు చూశాడు.

"సక్కగ అతికింది" అన్నాడు. ఆ సంబరంలోనో ఏమో, మెల్లగా తల ఎత్తి ఆమె మొహం చూశాడు. చూపు గడ్డం దగ్గర ఆగింది, ఉలిక్కిపడ్డాడు.

"అరె సెల్లె, నీ గదువ మీద ఆ పుట్టుమచ్చ ఎన్నటికెల్లి ఉన్నది?"

"నేను పుట్టినకాడికెల్లి!" అంది రుక్కమ్మ, ఆయన చెయ్యి పట్టి అరుగు మీదికి లాగుతూ. "ఇగ నువ్వు కూసో. కాలు పైన పెట్టు."