పెద్దమ్మ నాలుకా, నా పొడపత్రీ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. డెబ్బైల నడిమి మాట. బెజవాడలో లారీ విడిభాగాల కొట్లో గుమాస్తా పని, సాయంత్రమైతే లైబ్రరీ. ఒక్కో బీరువా వరుసగా చదువుకుంటూ పోతున్న నేను ఆ ఏటికి వైద్యం బీరువా దగ్గరికి వచ్చాను. (ముందటేడు పశుపోషణ నడిచింది. మా గేదె నన్ను చూస్తే చాలాకాలం దూరంగా జరిగేది.) సరిగ్గా అప్పుడే హనుమాన్ జంక్షన్ దగ్గర మా ఊళ్లో ఉన్న పెద్దమ్మకు షుగర్ ముదిరింది. కాళ్లు వాచాయి. మూత్రంలో ఆల్బుమిన్ పోతోందని, మాత్రలు వేసుకుంటూ తీపి మానకపోతే కిడ్నీలు దక్కవని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. మాత్రలకు ఒప్పుకుంది గానీ, "నోరు కట్టేసుకుని బతకడం నావల్ల కాదురా" అంది. అమ్మ పోయాక నన్ను పెంచిన మనిషి. నాకు బెంగ పట్టుకుంది.

బీరువా అడుగు అరలోని ఒక పుస్తకంలో దొరికింది పొడపత్రి. ఆ ఆకులో ఒక ఆమ్లం ఉంటుందట, అది షుగర్‌ను తగ్గించవచ్చట, నమిలితే కాసేపు నాలుకకు తీపి తెలియదట. తీపే తెలియకపోతే ఇక తినేదేముంది? మైలవరం వైపు కొండల్లోంచి ఆకు తెప్పించి, కోత పండుగ నాడు చర్చికి బయలుదేరే ముందు పెద్దమ్మ చేతిలో పెట్టాను.

"చేదురా!"

"నములు పెద్దమ్మా, పుస్తకంలో ఉంది."

"రాసినవాడు నమిలాడంటావా?" అంటూనే నమిలింది.

మా చర్చిలో ప్రేమవిందుకు పాయసం ఎవరు వండినా బెల్లం సరిచూసేది పెద్దమ్మే. తూకాల్లేవు, కొలతల్లేవు. గరిటెతో ఆవిడ అరచేతిలో వేయాలి, ఆవిడ చప్పరించి "చాలు" అనాలి, అప్పుడే డేగిసా దించుతారు. ఈ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. (పుస్తకంలో లేదు కాబట్టి ఆ వేళ గుర్తు రాలేదు.)

లోపల పాస్టరుగారి ప్రసంగం సాగుతోంది. కిటికీలోంచి పెద్దమ్మ గొంతు.

"బెల్లం వేశారా అసలు?"

"వేశాం గదత్తా!"

"ఏం వేశారు? ఉత్త గంజిలా ఉంది. ఇంకో అచ్చు పడెయ్యండి... ఊహూ, ఇంకోటి. ఈ బెల్లం అమ్మినవాడికి దేవుడంటే భయం లేదే!"

ప్రసంగం ముగిసేసరికి బెల్లం బుట్ట ఖాళీ.

బంతిలో కూర్చున్నవాళ్లంతా మొదటి ముద్దకే మొహాలు చిట్లించారు. చేతులన్నీ నీళ్ల గ్లాసుల వైపు వెళ్లాయి. ఈలోగా నాలుక తిరిగొచ్చిన పెద్దమ్మ ఒక్క ముద్ద పెట్టుకుని కళ్లు పెద్దవి చేసింది. "ఓరి దేవుడా! దీన్నా నేను చాలంది?" పాస్టరుగారు మర్యాదగా మింగి, "నా ప్రసంగం పొట్టిగా ఉండుంటే రెండచ్చులు మిగిలేవమ్మా" అన్నారు. పెద్దమ్మ నెమ్మదిగా నావైపు తిరిగింది. "ఏరా, పొద్దున నాకేం తినిపించావు?"

నేను లేచి నిలబడి, ఆ ఆమ్లం సంగతి పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు వివరించాను. అందరూ శ్రద్ధగా విన్నారు. చివరికి మూలనున్న ముసలాయన, "అయితే ఆ ఆకేదో మాకు పెట్టాల్సిందిరా అబ్బాయ్, తినగలిగేవాళ్లం" అన్నాడు. బంతంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ పెద్దమ్మే నవ్వింది, పాయసం విస్తరి దూరంగా నెట్టేస్తూ.

ఆ తర్వాత బెల్లం వాసన వస్తేనే ఆవిడకు వెగటు. నెలలు గడిచేకొద్దీ కాళ్ల వాపు తగ్గింది, పరీక్షల ఫలితాలూ మెరుగుపడ్డాయి. నేను గర్వంగా ఆకు చరిత్రంతా డాక్టరుగారికి విప్పాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "ఆకు సంగతి తేల్చేవాళ్లు తేల్చాలయ్యా, మాత్రలు మాత్రం ఆపకండి. మీ పెద్దమ్మ చేత తీపి మాన్పించింది బెల్లం" అన్నారు.

ఇప్పుడు నాకూ షుగరే. షుగర్ వల్ల దెబ్బతినే కిడ్నీలను కాపాడే గుణం మొక్కల సారాల్లో ఉందేమోనని వెతుకుతున్నారని ఎక్కడ చదివినా, పేపరు పట్టుకుని వంటింట్లోకి పరుగెడతాను. "చూశావా, నేనప్పుడే చెప్పలేదూ!" మా ఆవిడ నా చేతిలో మాత్ర పెట్టి, పాయసం గిన్నె మీద మూత వేస్తుంది. బెల్లం సరిపోయిందో లేదో చూడమని మాత్రం ఈ ఇంట్లో నన్నెవరూ అడగరు.