బాపట్లలో పెగలని నోరు

మాది రేపల్లె దగ్గర సముద్రపు వేట మీద బతికే ఊరు. నేను కాపురానికొచ్చిన కొత్తలో వలల గొడవలో మా మరిది ఒకతని తల పగలగొట్టాడు. "వాడికింకా పెళ్లి కావాలి" అంటూ కులపెద్దలు పోలీసులకు మా ఆయన పేరిచ్చారు. ఆయన తప్పు ఒప్పుకుని జరిమానా కట్టారు. అంతటితో పోయిందనుకున్నాం.

నిరుడు అన్నదమ్ములిద్దరికీ మస్కట్‌లో పడవ పని కుదిరింది. కేసుల్లేవని పోలీసులిచ్చే సర్టిఫికెట్ల కోసం బాపట్ల పోలీసాఫీసుకి వెళ్లాం.

"తమ్ముడికి వస్తుందమ్మా. మీ ఆయనకి శిక్ష పడ్డ కేసుంది కదా, కష్టం" అన్నారు అక్కడి సార్.

"కొట్టిందెవరో చెప్పవయ్యా!" అన్నాను మరిదితో. వాడు తల దించుకున్నాడు.

"ఊరుకోవే" అన్నారు మా ఆయన.

వాడొక్కడే మస్కట్ బయల్దేరిన రోజు తెనాలి స్టేషన్లో వాడి పెట్టె మోసింది ఆయనే. రైలు కదులుతుంటే, "అన్న గురించి అక్కడ మాట్లాడతాను వదినా" అన్నాడు మరిది.

బాపట్లలో పెగలని నోరు మస్కట్‌లో పెగలుతుందా?