ఎస్తేరక్క అడిగిన రెండో చీటీ

నిన్న ఉప్పల్ మెట్రో స్టేషన్ కింద ఒక ఆధార్ కాపీ తీయిస్తుంటే, మిషన్లోంచి వచ్చిన కాగితం చేతికి వెచ్చగా తగిలింది. వెంట కొద్దిగా కాలిన వాసన. ఆ వాసనకు నాకు ఎస్తేరక్క గుర్తొస్తుంది. మనసుకు దగ్గరైనవాళ్లు మల్లెపూల వాసనకో, తొలకరి వాసనకో గుర్తు రావాలని నవలల్లో ఉంటుంది. నేను జిరాక్సు వాసనతో సర్దుకుంటున్నాను.

నాచారంలో ఫ్యాక్టరీలవైపు వెళ్లే రోడ్డు మీద ఆమెకు చిన్న డీటీపీ షాపు ఉండేది. జనగామ వైపు పల్లె నుంచి వచ్చి, నలభై దాటాక టైపు నేర్చుకున్న మనిషి. పెళ్లి కార్డులు, అద్దె ఒప్పందాలు, వాళ్ల చర్చికి ప్రతి ఆదివారం కావలసిన ప్రార్థన మనవులు అన్నీ ఆమే కొట్టేది. ఒకటే నియమం: రాసింది రాసినట్టు కొట్టడం. తప్పనిపిస్తే దిద్దదు, ప్రింటు మీద పెన్సిల్‌తో గీత గీసి ఇస్తుంది. ఒక శుభలేఖలో పెళ్లికొడుకు పేరు కిందే గీత పడిందట. తప్పు ఇంటిపేరులోనే అని తేలేదాకా ఆడపెళ్లివాళ్లు కుదురుగా కూర్చోలేదట.

నేను ఉప్పల్లో ఇన్సూరెన్సు ఆఫీసు ఉద్యోగిని. సాయంత్రాలు నవలాకారుణ్ని. ఫోన్లో కథలు చదివించే ఒక యాప్‌లో నా సీరియల్ వచ్చేది. తెలుగు టైపు రాదు కాబట్టి నోటుబుక్కు తీసుకెళ్లి ఎస్తేరక్క ముందు పెట్టేవాణ్ని. మా హీరో వంశీకి అప్పటికి రెండు ప్రేమలయ్యాయి. మొదటి ప్రేయసి మాధురి, అతని ఫోన్ రాకపోతే అన్నం మానేసేది. దాని మీద పదకొండు అధ్యాయాలు రాశాను. రెండో ఆమె రజని, ల్యాబు టెక్నీషియను. "ఆరింటిదాకా డ్యూటీ ఉంది, నువ్వు తినెయ్" అనే రకం. ఆమెతో మూడు పేజీల్లో తెగ్గొట్టాను. కన్నీళ్లు లేని ప్రేమను సీరియల్‌గా సాగదీయడం ఎంత కష్టమో రాసినవాళ్లకే తెలుసు.

ఎస్తేరక్క మాధురి అధ్యాయాల నిండా గీతలు గీసింది. తప్పులు ఎక్కడున్నాయని అడిగాను.

"వంశీ లేనప్పుడు ఈ పిల్ల ఏం జేస్తది తమ్మీ?"

"ఎదురు చూస్తుందక్కా."

"చూసీ చూసీ?"

"ఏడుస్తుంది."

"వంశీ ఏం జేస్తడు?"

"వచ్చి ఓదారుస్తాడు."

"గిది ప్రేమ గాదు, షిఫ్టు డ్యూటీ. ఆమె ఏడ్వకపోతే ఈయనకు పనే లేదు. ఆ రజనిని ఎందుకు ఎల్లగొట్టినవ్? మంచిగ ఉండె ఆ పిల్ల."

పాఠకులకు బాధ కావాలన్నాను. ఆమె టేబుల్ మీదున్న చర్చి ప్రార్థన చీటీల కట్ట చూపించింది. పేర్లు తీసేసి కొట్టడం ఆమె పని. ఎవరివో ఎప్పుడూ చెప్పలేదు. "ఇన్నేండ్లు ఇవే కొడ్తున్న. ఆయన మంచిగుండాలె అని రాసేటోళ్లుంటరు. ఆయన నన్ను ఇడ్వొద్దు అని రాసేటోళ్లుంటరు. రెండూ ప్రేమనే అనుకుంటరు. గానీ రెండో రకంల మొత్తం 'నన్ను, నాకు' అనే ఉంటది, ఆయన ఎట్లున్నడో ఉండదు."

నాకు సాహిత్యం నేర్పినవాళ్లలో ఎవరూ ఇంత తక్కువ మాటల్లో నా పదకొండు అధ్యాయాలు పడగొట్టలేదు.

వంశీ మూడో ప్రేమ దగ్గర నేను పంతం పట్టాను. నాయిక హారికకు పుణెలో ఆరు నెలల ట్రైనింగు వస్తుంది. వంశీ కళ్లలోకి చూసి, ఆ కాగితం చింపేసి, ఉండిపోతుంది. రాస్తుంటే నాకే కళ్లు చెమర్చాయి. మర్నాడు ఎస్తేరక్క ప్రింటు ఇచ్చింది. మూడుచోట్ల గీతలున్నాయి. మూడుచోట్లా హారిక ఉండాల్సిన చోట శ్రావణి అని ఉంది. నా చేతిరాతే.

శ్రావణి చిల్కానగర్ అమ్మాయి, రైల్వే ఉద్యోగి కూతురు. నాచారంలో మందుల కంపెనీ ల్యాబులో పని. అప్పటికి మేమిద్దరం పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాం. ఆమెకు పుణె ట్రైనింగు వచ్చి వారమైంది. శుక్రవారంలోగా ఒప్పుకోవాలి. వద్దని చెప్పడానికి నేను ప్రాక్టీసు చేస్తున్నాను. నవలలో చేస్తున్నానని మాత్రం నాకు తెలియదు.

ఆ పేరెవరిదో అడిగి తెలుసుకుని, ఎస్తేరక్క ఒక ఖాళీ చీటీ నా ముందు పెట్టింది. "ఆ పిల్ల కోసం ఏం కావాల్నో రాయి."

శ్రావణి వెళ్లకుండా ఉండాలి అని రాశాను.

"ఇది నీ కోసం. ఆమె కోసం అడిగిన." రెండో చీటీ పెట్టింది.

దానికి అరగంట పట్టింది. ఇద్దరు వచ్చి ఆధార్ కాపీలు తీయించుకుపోయారు. శ్రావణికి ఏం కావాలో నాకు తెలియదని ఆ కుర్చీలో కూర్చున్నాక తెలిసింది. ఆమె లేకపోతే నాకేమవుతుందో మాత్రం పదకొండు అధ్యాయాలకు సరిపడా తెలుసు. చివరికి రాశాను: ట్రైనింగు బాగా జరగాలి. హాస్టల్లో మంచి అన్నం దొరకాలి.

ఆమె చదివి, గీత గీయకుండా తిరిగిచ్చింది. "ఇగ పో. ఆమెకు జెప్పు."

చెప్పాను. శ్రావణి, "నువ్వు వద్దంటవేమోనని రెండు రోజులనుంచి జవాబులు తయారు చేసుకున్న. అన్నీ వేస్ట్ చేసినవ్" అంది. ఆ ఆరు నెలలు నేను వేళకు తిన్నాను. నాలుగు కిలోలు పెరిగాను. విరహానికి ఇది మంచి పేరు తెచ్చే పని కాదు. వంశీ మాత్రం రజని దగ్గరికి తిరిగి వెళ్లాడు. పాఠకులు సగం మంది పోయారు. ఎస్తేరక్క మా పెళ్లి కార్డు కొట్టి, ఎక్కడా గీత లేకుండా ఇచ్చింది.

ఆమె పోయి రెండేళ్లయింది. షాపులో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

నిన్న తీయించిన ఆధార్ కాపీ శ్రావణిది. ఈసారి వడోదరలో ఏడాది పోస్టింగు. ఇంటికొచ్చి అలవాటు ప్రకారం ఒక చీటీ రాశాను. కొత్త చోట పని నచ్చాలి, ఎండ మరీ ఎక్కువ ఉండకూడదు, మంచి రూమ్మేటు దొరకాలి. చివర, కొంచెం చిన్న అక్షరాలతో: రోజూ నాకు ఫోన్ చెయ్యాలి.

మళ్లీ చదువుకుని, పెన్సిల్ వెతికి, ఆ చివరి లైను కింద నేనే గీత గీశాను.