ఎడమ వైపు సూది

సూదిని జాకెట్టు ఎడమ వైపు గుచ్చుకోవడం దర్జీ అక్కకు ముప్పై ఏళ్ల అలవాటు. ఆ వైపు రొమ్ము తీసేసి ఏడాదైనా అలవాటు పోలేదు. చంకలో నరాలు నిప్పు రాజేసినట్టు మండుతాయి. ఆ పక్కనే అరచేతి మేర చర్మం మొద్దుబారిపోయింది. వారానికి మూడు రోజులు ఆసుపత్రి చివరి గదిలో నల్లద్దాలు పెట్టుకుని, చెయ్యి తలకిందికి మడిచి పడుకుంటుంది. లైటు పెట్టే అమ్మాయి మంట తగ్గించే ఎర్రటి దీపాన్ని ఆపరేషన్ మచ్చ వెంట మెల్లగా జరుపుతూ, నొప్పి పదికి ఎంతని అడుగుతుంది. అక్క ఎప్పుడూ ఐదంటుంది. ఐదంటే ఎవరూ కంగారుపడరు, అలాగని తీసిపారేయరు.

లైటుకు వచ్చిన పదోసారి జాకెట్టు పక్కకు తీయబోతే రాలేదు. అమ్మాయి వంగి చూసింది. సూది మొన చర్మంలోకి దిగి ఉంది.

"తెలీలేదా అక్కా?"

"తెలిస్తే తియ్యనా తల్లీ? పోన్లే, దొరికింది. పొద్దున్నుంచీ ఇల్లంతా వెతికాను."

అమ్మాయి నవ్వలేదు. సూది లాగి, దూదితో నెత్తురు చుక్క అద్దింది. "ఇంకా రెండుసార్లే ఉంది లైటు. మార్పు లేకపోతే డాక్టరుగారు ఆపేయమంటారు. మంట నిజంగా ఎంత?"

"మొదట్లో తొమ్మిది. ఇప్పుడు ఆరు."

"మరి రోజూ ఐదన్నారేం?"

"మర్యాదగా ఉంటుందని."

అమ్మాయి కాగితం మీద ఐదులన్నీ కొట్టేసింది. "తొమ్మిది ఆరైందంటే మార్పున్నట్టే, ఆపరులెండి. సూది గుచ్చుకున్న చోట ఎంత?"

"అక్కడేమీ లేదమ్మా."

వెళ్లేటప్పుడు అక్క సూది అడిగి తీసుకుంది. కుడిచేత్తో కుడి వైపు గుచ్చుకోబోయింది. అలవాటు లేక మణికట్టు అటు తిరగలేదు. రెండుసార్లు ప్రయత్నించి, చేతిలోనే పట్టుకుని బయటికి నడిచింది.