ఆ సూది ఊడింది నవ్వు వల్ల కాదు

2023 ఎండాకాలం. తిరువళ్ళూరులో రైల్వే స్టేషనుకు నడిచివెళ్ళేంత దూరంలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రి, దాని మొదటి అంతస్తులో ఆరు మంచాల డయాలసిస్ యూనిట్. నేనక్కడ సీనియర్ టెక్నీషియన్ని. మా ఊరు పట్టాభిరామ్ నుంచి పొద్దున్నే లోకల్ రైలెక్కి వచ్చి, మిషన్లు సిద్ధం చేసి, మొదటి షిఫ్టు పేషెంట్లకు సూదులు పెట్టడం నా పని.

ఈ కేసు గురించి ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. ఈమధ్య కొత్త టెక్నీషియన్ల శిక్షణ తరగతికి వెళ్ళాను. పాఠం చెప్పే ఆయన మాటల మధ్యలో ఇలా అన్నారు: “తిరువళ్ళూరులో ఒక యూనిట్లో ఒక పేషెంటు జోకులు చెబుతుంటే పక్క పేషెంటు నవ్వి నవ్వి చెయ్యి కదిలించింది. సూది ఊడి ప్రాణం మీదికొచ్చింది. అందుకే యూనిట్లో కబుర్లు, నవ్వులు అదుపులో పెట్టాలి.” ఆయన పేర్లు చెప్పలేదు. కానీ అది మా యూనిట్. ఆ మాట మొదట అన్నది నేనే. అది అబద్ధం.

మా పని గురించి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు చెబుతాను. కిడ్నీలు చెడిపోయిన మనిషి ఒంట్లో చేరే నీటినీ మలినాలనూ మిషన్ ద్వారా తీసెయ్యడమే డయాలసిస్. వారానికి రెండు మూడు సార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు. చేతిలో ఆపరేషన్ చేసి బలపరచిన రక్తనాళాన్ని ఫిస్టులా అంటాం. అందులో రెండు సూదులు పెడతాం. ఒకదాని గుండా రక్తం మిషన్లోకి వస్తుంది, ఇంకొకదాని గుండా శుభ్రపడి తిరిగి ఒంట్లోకి పోతుంది. అదనపు నీరు లేనప్పుడు మనిషికి ఉండాల్సిన బరువు డ్రై వెయిట్. పేషెంటు రాగానే తూచి, దానికి పైన ఎంతుంటే అంత నీరు తీస్తాం. వీళ్ళలో చాలామందికి మూత్రం రాదు. తాగిన ప్రతి గుక్కా ఒంట్లోనే నిలిచిపోతుంది. కాబట్టి నీళ్ళు కొలుచుకుని తాగాలి. మా వైపు మే నెల ఎండల్లో అదెంత కష్టమో నేను వేరే చెప్పనక్కర్లేదు.

“ఎంత తాగారు?” అని రోజూ అడిగేవాణ్ణి. “తాగలేదు సార్” అనేవాళ్ళు. ఆ ప్రశ్నకు నిజం చెప్పిన పేషెంటు నాకు తగల్లేదు. కోప్పడేవాణ్ణి. వాళ్ళు తలకాయలు వంచుకునేవాళ్ళు. మంచానికీ మంచానికీ మధ్య కర్టెన్లు. ఎవరి కర్టెను వెనక వాళ్ళు పైకప్పు చూస్తూ పడుకునేవాళ్ళు.

ఆ యూనిట్లోకి మునిరత్నం నాయుడు వచ్చాడు. తిరుత్తణి అవతల సరిహద్దు పల్లెలో చెరకు రైతు, అరవై దాటిన మనిషి. వచ్చిన మొదటి వారమే, “ఆ గుడ్డలు తియ్యండబ్బా, పెండ్లికూతుర్ని దాచినట్టు దాచినారు” అని కర్టెన్లు తీయించాడు. తర్వాత కథలు మొదలుపెట్టాడు. అన్నీ ఆయన బావ కథలే. నిజానికి ఆయనకు బావే లేడని తర్వాత తెలిసింది.

“మా బావకి డాక్టరు నీళ్ళు తాగొద్దన్నాడు. సరే అన్నాడు. ఇంటికి పొయ్యి ఇంత పుచ్చకాయ కోసుకొని కూచున్నాడు. మా యక్క కేకలేస్తే, ‘తాగొద్దన్నాడు గానీ తినొద్దన్నాడా?’ అంటాడు!”

ఇంకో రోజు బరువు తూచే కథ. “నీళ్ళు బాగా తాగేసినాడు గదా, బరువు తగ్గించాలని బావ చెప్పులిప్పినాడు, చొక్కా ఇప్పినాడు, మొలతాడు గూడా తీసినాడు. ముల్లు కదల్లే. ఇంగ ఏముండాదని జూసుకొని, పండ్లసెట్టు ఊడదీసి నర్సమ్మ చేతిలో పెట్టినాడు!”

పక్క మంచం సెల్వి పొట్ట పట్టుకుని నవ్వేది. ఆమె తమిళమ్మాయి, ముప్పై అయిదేళ్ళుంటాయి. స్టేషను దగ్గర ఇడ్లీ అంగడి నడిపేది. పగలంతా పొయ్యి ముందే కాబట్టి అందరికంటే దాహం ఆమెకే ఎక్కువ. కొన్నాళ్ళకు ఆమె కూడా తన తమిళం కలిసిన తెలుగులో కథలో చెయ్యి కలిపింది. నిన్నను నేత్తు అనేది, మాత్రం అనడానికి మట్టుం.

“మామా, ఉంగ బావ నేత్తు మా అంగడికి వచ్చినాడు. ఇడ్లీ వద్దన్నాడు. సాంబారు మట్టుం రెండు గిన్నెలు తాగినాడు.”

“అట్నా! నాకు తెలీకుండా తిరువళ్ళూరు దాకా వచ్చినాడా, దొంగ నాయాలు!”

ఎవరితోనూ మాట్లాడని ఇబ్రహీం భాయ్, పాత లారీ డ్రైవరు, ఆ మూల మంచం మీంచి గొంతు కలిపాడు. “మీ బావ నా లారీ రేడియేటర్లో నీళ్ళు గూడా వదల్లేదు నాయుడూ.”

నవ్వులు కాస్త తగ్గాక మునిరత్నం గొంతు తగ్గించి సెల్విని అడిగాడు. “రాత్రి ఎట్ట ఉణ్ణింది బావకి?”

“పడుకుంటే మూచ్చు ఆడలే. గోడకి ఆనుకొని కూర్చున్నాడు.”

“అయితే డాక్టరుకి జెప్పమను. ఈ పొద్దే జెప్పమను, ఏం?”

ఆ రోజు సెల్వి డాక్టరుగారితో తనకు రాత్రి ఊపిరాడలేదని చెప్పింది. ఆయన డ్రై వెయిట్ తగ్గించి రాశారు. ఈ రెండూ నా కళ్ళ ముందే జరిగాయి. ఒకదానికొకటి సంబంధం ఉందని నాకు తట్టలేదు. నా దృష్టిలో అవి ఉత్త జోకులు.

ఇక ఆ సంఘటన. ఆ రోజు లోకల్ ఆలస్యమైంది. యూనిట్లో ఏసీ పనిచెయ్యడం లేదు. పేషెంట్లు అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నారు. సూది పెట్టాక దాన్ని ప్లాస్టర్ పట్టీలతో బిగించడానికి ఒక పద్ధతి ఉంది. సూది రెక్కల మీద ఒకటి, కింద నుంచి తిప్పి అడ్డంగా ఒకటి, ట్యూబు మీద ఇంకొకటి. చర్మం పొడిగా ఉండాలి. సెల్వి చెయ్యి చెమటతో తడిసి ఉంది. తుడవలేదు. ఒక్క పట్టీ అతికించి, మిగతావి తర్వాత వేద్దామని తర్వాతి మంచానికి వెళ్ళాను. ఆ తర్వాత మరిచిపోయాను.

మునిరత్నం ఆ రోజు దూడ కథ ఎత్తుకున్నాడు. “మా బావ దూడని కట్టేస్తే ముడి మీద ముడి ఏస్తాడు. ఆ పొద్దు పెండ్లి బోజనానికి పోవాలని తొందర. ఒక్క మెలిక తిప్పేసి పొయినాడు. పందిట్లో కూచోని పప్పు కలుపుకుంటా ఉండాడు. ఎవురో అరస్తా ఉండారు. తలెత్తి జూస్తే, పెండ్లికొడుకు మెడలో దండ ఎవురు తింటా ఉండారు?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంతలో మునిరత్నమే అరిచాడు. “సారూ! సెల్వి మంచం కింద జూడు! నెత్తురు!”

దుప్పటి ఎత్తి చూశాను. రక్తం తిరిగి ఒంట్లోకి పోయే సూది ఊడి పరుపు మీద పడి ఉంది. పంపు మాత్రం తన పని తాను చేసుకుంటూ రక్తాన్ని బయటికి పోసేస్తోంది. ఇలాంటప్పుడు మిషన్ ఒక్కోసారి అలారం కొట్టదు. అప్పుడూ కొట్టలేదు. పంపు ఆపి, చెయ్యి నొక్కిపట్టి, డాక్టరుగారి కోసం కేకవేశాను. సెల్వి మొహం సున్నం కొట్టినట్టుంది. సెలైన్ పెట్టి, రక్తం ఎక్కించి బతికించారు. ఆయన ఏం జరిగిందని అడిగితే నా నోట్లోంచి వచ్చిన మాట: “నవ్వి చెయ్యి కదిలించింది సార్. నాయుడు ఒకటే జోకులు.”

ఇంకెవరూ ఏమీ అడగలేదు. కథలు బంద్. మునిరత్నాన్ని మధ్యాహ్నం షిఫ్టుకు మార్చారు. నేను చెప్పినప్పుడు ఆయన నా మొహం వంక చూసి, “సరే సారూ” అన్నాడు. తిరుత్తణి వైపు పోయే లోకళ్ళలో పేషెంట్ల ఇళ్ళవాళ్ళు ఆయన్ని వేలెత్తి చూపించారని విన్నాను. సెల్వి కోలుకుని వచ్చిన మొదటి రోజు నాతోనే అంది: “నా తప్పే సార్. నవ్వకుండా ఉండాల్సింది. మన్నించుకోండి.” నేను తల ఊపాను.

కర్టెన్లు మళ్ళీ మూసుకున్నాయి. “బాగున్నారా?” “బాగున్నా సార్.” సెల్వి బరువు ఎప్పటిలాగే ఉంటోంది. నాకు నిశ్చింతగా ఉంది.

కొన్ని వారాలకు ఒక పొద్దున సెల్వి మా ఆసుపత్రి మెట్ల మధ్యలో కూలబడిపోయింది. పెదాలు నీలంగా ఉన్నాయి. నోటి నుంచి గులాబి రంగు నురగ. ఊపిరితిత్తుల్లో నీరు నిండిపోయింది. ఎత్తుకెళ్ళి ఆక్సిజన్ పెట్టి, మిషన్ తగిలించి నీరు లాగాం. ఆమె ఊపిరి కుదుటపడే దాకా నేను మంచం పక్క నుంచి కదల్లేదు.

“ఎన్నాళ్ళుగా పడుకోలేకపోతోంది ఈమె?” అన్నారు డాక్టరుగారు. “మనిషి చిక్కిపోయింది. కండ పోయినచోట నీరు చేరింది. కాటా మీద బరువు మారదు. తేడా మనిషి నోటితో చెప్పాలి. మీరెవరూ అడగలేదా?”

రోజూ అడుగుతూనే ఉన్నానన్నాను. మర్నాడు సెల్వి కళ్ళు తెరిచాక ఎందుకు చెప్పలేదని ఆమెనే అడిగాను.

“మామ ఉంటే బావ మీద వేసి చెప్పేదాన్ని సార్. మీకిట్ట ఎట్ట చెప్పేది? మీరు తిడతారు.”

ఆ మాట విని బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. ఉత్త జోకులని నేను ఆపించింది, ఈ మనుషులు తమ ఒంటి సంగతి నిజంగా చెప్పుకునే ఒకే ఒక్క చోటు.

ఆదివారం తిరుత్తణిలో రైలు దిగి షేర్ ఆటోలో మునిరత్నం ఊరు వెళ్ళాను. వాకిట్లో నన్ను చూడగానే ఆయన భార్య మొహం పాలిపోయింది. “ఏమి సారూ, ఈయన్ని ఇంగ రావద్దని జెప్పేదానికి వచ్చిండారా?” కాదమ్మా, ఆయనతో మాట్లాడాలని వచ్చానన్నాను.

ఆయన పంచలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. “కాపీ తాగు సారూ. నేను జూస్తా కూచుంటా” అన్నాడు.

“నాయుడుగారూ, ఆ రోజు సూది ఊడింది నా వల్ల. ప్లాస్టర్ సరిగా వెయ్యలేదు.”

“తెలుసు సారూ. నా మంచం పక్కనే గదా. ఒక్క పట్టీ ఏసి పోతివి.”

“చూసి కూడా చెప్పలేదా?”

“జెప్తిని గదా. దూడ కథ ఎందుకు జెప్తిననుకుంటివి? ముడి మీద ముడి ఏసేవాడు ఒక్క మెలికతో పొయినాడని నీ తట్టు జూసే జెప్తిని. నీవు గూడా నవ్వితివి.”

కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. ఆయన్నే కదా నేను నేరస్తుణ్ణి చేసింది. “ఆ మాట నేరుగా అనుంటే అయిపోయేది కదా?” అన్నాను.

“ఎట్టనేది సారూ? నాలుగు గంటలు మా నెత్తురంతా నీ చేతిలో ఉంటాది. నీకు కోపమొస్తే మేము యాడికి పోవాల? నవ్వతా జెప్తే, అర్తమైతే అవుతాది. కాకపోతే జోకని పోతాది. మాకేం మోసం రాదు.”

“నేనెప్పుడూ ఎవరికీ చెడు చెయ్యలేదు.”

“చెయ్యలేదు. చెయ్యవని మాకెట్ట తెల్సు?” గింజలు చేటలో పోసి నిదానంగా అన్నాడు. “నాకు జెప్పి ఏం లాభం? ఆ పిల్ల ఇంగా తన తప్పే అనుకుంటా ఉండాది. ఆమెకి జెప్పు. అందురి ముందర జెప్పు.”

డాక్టరుగారికి చెప్పాను. మునిరత్నాన్ని మళ్ళీ పొద్దున షిఫ్టుకు మార్పించాను. ఆరుగురూ మంచాల మీద ఉండగా కర్టెన్లు తీసి, జరిగింది జరిగినట్టు చెప్పాను. సెల్వికి చేతులు జోడించాను. ఇబ్రహీం భాయ్ బెరుగ్గా అడిగాడు. “సార్, ఇది చెప్పాల్సి వచ్చిందని మా మీద కోపం ఉండదుగదా?”

తప్పు చేసిన నన్నే వాళ్ళు బుజ్జగిస్తున్నారు. అంత భయాన్ని ఇన్నేళ్ళూ నేను మర్యాద అనుకున్నాను.

చాలా రోజులు నేను లోపలికి రాగానే మాటలు ఆగిపోయేవి. ఒక పొద్దున తలుపు దగ్గరికి వచ్చేసరికి సెల్వి గొంతు వినిపించింది. “ఒక మిషన్ సార్ ఉన్నాడు. వచ్చినాడంటే ‘బాగున్నారా’ అంటాడు. మొగం మట్టుం మిషన్ వంకే. పాపం మిషనుకి జాలి వేసింది. ‘నేను బాగున్నా సార్, వీళ్ళ సంగతి తెలీదు’ అనింది.”

నవ్వులు. నేను లోపలికి అడుగుపెట్టాను. ఠక్కున ఆగిపోయాయి. మునిరత్నం అన్నాడు. “జెప్పమ్మా, ఆపినావెందుకు? సారు గూడా వినల్ల.”

ఆమె చెప్పింది నిజం. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ ప్రశ్న మిషన్ తెర మీది అంకెలు చూస్తూనే అడిగాను. పేషెంట్లు అబద్ధాలాడతారని కొత్తవాళ్ళకు నేర్పాను కూడా. నిజం చెప్పినా బతకొచ్చన్న ధైర్యం మేమివ్వాలని నాకెవరూ నేర్పలేదు. వీళ్ళ నవ్వు నేర్పింది. శిక్షణ ఇచ్చేవాళ్ళు మా కేసును పాఠంగా చెప్పదలిస్తే ఇలా చెప్పండి: ఊడింది ఒక టెక్నీషియన్ సగం వేసిన ప్లాస్టర్. నవ్వించిన మనిషి ముందే హెచ్చరించాడు, రక్తాన్ని అందరికంటే ముందు చూశాడు.

ఆ పొద్దున ఒక స్టూలు లాక్కుని సెల్వి మంచం పక్కన, మిషనుకు వీపు పెట్టి కూర్చున్నాను. ఆమె మొహంలోకి చూసి, “ఎలా ఉన్నావమ్మా?” అన్నాను.

ఆమె మునిరత్నం వంక చూసింది. ఆయన బావ కథ ఎత్తుకోలేదు. ఆమె మళ్ళీ నా వైపు తిరిగి, “నేత్తు రాత్రి ఓర్వలేక రెండు సెంబులు నీళ్ళు తాగినా సార్” అంది.

బావ కాదు. తనే.