అయిదు వేళ్ళ బేరం

బీడీ కార్మికులకి కట్టిన కుంభారి కాలనీలో మాకు ఇల్లు మంజూరైందని తెలిసిన రోజే అమ్మ మా గుర్రాన్ని అమ్మేయమంది. అక్కడ ఇళ్ళన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, దీన్ని నెత్తిన పెట్టుకుంటామా అని ఆవిడ వాదన. నాయన అప్పుడే మరమగ్గాల కార్ఖానా నుంచి వచ్చి చెవుల్లో దూది తీసుకుంటున్నాడు. సరే అన్నాడు గానీ ఒక షరతు పెట్టాడు.

“అయిదు వేళ్ళు పట్టినోనికే ఇస్త.”

సంతలో గుర్రాల బేరం నోటితో జరగదు. అమ్మేవాడు చేతి మీద తువ్వాలు కప్పుకుని చాపితే, కొనేవాడు లోపల వేళ్ళు పట్టుకుంటాడు. ఎన్ని వేళ్ళు పడితే అన్ని పదివేలు. ఆ లెక్క ఎవరూ పైకి అనకూడదు. అయిదంటే మంచి ధరేనని అమ్మ ఒప్పుకుంది.

నాకే అన్నం సయించలేదు. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. మేముండే జోడ్‌భావి పేటలో మా గల్లీ పెళ్ళికొడుకులందరూ ఆ గుర్రం మీదే ఊరేగారు. అమ్మ గుమ్మంలో బీడీలు చుడుతుంటే తడి తునికాకు వాసనకి వచ్చి ఆమె భుజం మీద మూతి ఆనించేది. అమ్మ తిట్టేది, పక్కకి మాత్రం జరిగేది కాదు.

రెండు వారాలు నాయన సంతకి వెళ్ళి గుర్రంతోనే తిరిగొచ్చాడు. ఎవరూ అయిదు పట్టలేదన్నాడు. మూడో వారం, చివరిసారి దానితో నడుద్దామని, నేనూ వెళ్ళాను.

పొద్దుటి పొగమంచులో సంత నాకు సగం నిద్రలో కనిపించినట్టే ఉంది. తెల్లటి నుక్రా గుర్రాలకి కాళ్ళు కనబడటం లేదు, ఒళ్ళు మాత్రం గాలిలో నిలబడి ఉంది. మార్వాడీ గుర్రాల చెవుల కొనలు ఒకదాన్నొకటి తాకి విడిపోతున్నాయి. ఎక్కడో గజ్జెలు మోగాయి, మోగినంతసేపూ ఎందుకొచ్చానో మరిచిపోయాను. మాది భీమ్‌థడీ జాతి, పొట్టిది. ఆ అందగత్తెల మధ్య ఎవరు చూస్తారులే అనుకున్నాను.

చూశాడు ఒకాయన. పండ్లు చూశాడు, గిట్టలెత్తి చూశాడు, నాలుగడుగులు నడిపించాడు. నాయన కుడిచెయ్యి చాపాడు. పైన కప్పింది నాయన నేసిన తువ్వాలే. దాని కింద ఏదో ఊపిరి తీసుకుంటున్నట్టు కదిలింది.

ఇంకొక్కటి పట్టమన్నాడు నాయన, సంతలో నడిచే మరాఠీలో.

వ్యాపారి మళ్ళీ తడిమాడు. చెయ్యంతా పట్టుకున్నానుగా, ఇంకేం పట్టాలన్నాడు. నాయన నింపాదిగా మళ్ళీ అదే మాట అన్నాడు. వ్యాపారి విసుక్కుని, ఏదో గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, చెయ్యి గబుక్కున జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు వెలిగింది నాకు.

ఆ చేతికి చూపుడువేలు లేదు. నా చిన్నప్పుడే మగ్గంలో పోయింది. రోజూ చూసే చెయ్యి కదా, మా ఇంట్లో ఎవరమూ దాన్ని చూడటం ఎప్పుడో మానేశాం.

తిరిగొచ్చేటప్పుడు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చి, గుర్రానికి అవతలి పక్కకి వెళ్ళి నడిచాను. నాయన మీద అంత ప్రేమ నాకు ముందెప్పుడూ కలగలేదు.

ఇంటికి రాగానే అమ్మ ఎన్ని పట్టారని అడిగింది. నాలుగేనన్నాడు. ఆమె బీడీకి దారం చుట్టి తెంపింది. చూపు ఆయన జేబు దగ్గర ఆగింది.

“ఒక్కసారన్న ఎడమ చెయ్యి పెట్టినవా?”

నాయన చేతిలోని పగ్గం వదిలేశాడు. గుర్రం వచ్చి అమ్మ భుజం మీద మూతి ఆనించింది. ఈసారి తిట్టలేదు. చేటలోంచి ఇంకో ఆకు తీసుకుని, తల ఎత్తకుండానే అంది.

“కుంభారిల దీనికి గుంజ ఏడ పాతాలె మరి?”